డయల్ టోన్ విన్న సార్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1985 టెన్త్ బ్యాచ్ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

చివరి వరసలో కూర్చుని అప్పుడే గుసగుసలు మొదలుపెట్టారు నా బ్యాచ్ వాళ్లు. ఇన్నేళ్లయినా వీళ్ల స్థలం మారలేదు, అలవాటూ మారలేదు.

సెక్రటరీ ఫోన్ చేసి, "నీ ఉద్యోగం గురించి చెప్పరా, ఇప్పటి పిల్లలకు ఇన్‌స్పిరేషన్‌గా ఉంటుంది" అన్నాడు. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివి, బెంగళూరులో ముప్పై ఏళ్లకు పైగా టెలికాం సాఫ్ట్‌వేర్ రాస్తూ కూర్చున్నవాడి దగ్గర ఇన్‌స్పిరేషన్ ఏముంటుంది? అందుకని నా ఉద్యోగం గురించి కాకుండా, 2005లో రెండు వారాలు ఒక మోడెంతో పడిన పాట్ల గురించి చెబుతాను. అది పనిచేయకపోయి ఉంటే మా నాయన దగ్గర ఆ రెండు నెలలు ఉండగలిగేవాణ్ణి కాదు. అది పనిచేయడంలో మన బడికి, ముందు వరసలో కూర్చున్న మన ఫిజిక్స్ సార్‌కు వాటా ఉంది.

ముందు చిన్నవాళ్ల కోసం రెండు మాటలు. మేము చదువుకునేటప్పుడు బడికంతా ఒకే ఫోన్. హెడ్మాస్టరు గదిలో ఉండేది. నంబర్లు తిప్పే చక్రానికి చిన్న తాళం. ఊరు దాటి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి ఎదురుచూడాలి. 1984లో సి-డాట్ పెట్టడం, 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటి గ్రామీణ ఎక్స్ఛేంజి నడిపించడం, ఆ తర్వాత పల్లెపల్లెకూ ఆ పెట్టెలు చేరడం మా కళ్ల ముందు జరిగాయి. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. అది కూడా ముందు పెద్ద నగరాలకే. మన చిత్తూరుకు వచ్చేసరికి మరికొన్నేళ్లు పట్టింది. వచ్చినా ఫోన్ తీగ మీదే వచ్చింది. కంప్యూటరు ఫోన్ చేస్తుంది, అవతలి కంప్యూటరు ఎత్తుతుంది, రెండూ కీచుమని అరుచుకుంటాయి. ఆ అరుపులు కుదిరితే నెట్. ఆ అరుపులు అరిచేదే మోడెం.

2005 మేలో మా నాయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట పడిపోయినాయి. వేలూరు ఆసుపత్రిలో మూడు వారాలు ఉంచి ఇంటికి పంపినారు. "రాబోయే రెండు మూడు నెలలే ముఖ్యం. రోజూ వ్యాయామం చేయించాలి, మాట్లాడించాలి" అన్నారు డాక్టరు గారు. ఇంట్లో అమ్మ ఒక్కతే. చెల్లెలు కువైట్‌లో. నాకు మిగిలిన సెలవు పన్నెండు రోజులు. మా మేనేజరు మంచివాడే. "రాత్రి పూట అక్కడి నుంచి పని చేసి రోజూ కోడ్ పంపగలిగితే ఉండు. లేకపోతే నీ భాగం వేరేవాళ్లకు ఇస్తాను, వచ్చాక చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం" అంటే ఏమిటో ఉద్యోగాలు చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. బ్రాడ్‌బ్యాండ్ ఆ ఏడాది జనవరిలోనే దేశంలో మొదలైంది గానీ మా వీధికి రాలేదు. ఉన్నది ఫోన్ లైను, నా ల్యాప్‌టాపు.

ఆ ల్యాప్‌టాపులో విండోస్ లేదు. లినక్స్, ఫెడోరా కోర్ 3. మా కంపెనీ పని అంతా లినక్స్ మీదే. పైగా నాకది అంతకు ముందు నుంచీ అలవాటు. పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చే సీడీలతో నేర్చుకున్న తరం మాది. ఎవరో రాసిన ప్రోగ్రాము మూలం విప్పి చదవొచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు అనేది నాకు అప్పుడు మతం లాంటిది. మా ఆవిడ బెంగళూరు నుంచి ఫోన్‌లో అడిగింది, "ఆ విండోస్ ఏదో వేసేసుకోకూడదా?" అని. న్యాయమైన ప్రశ్న. ల్యాప్‌టాపుతో వచ్చిన విండోస్‌ను నేనే గర్వంగా తుడిచేసి ఉన్నాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

బెంగళూరులో ఆఫీసులోనూ, ఇంట్లోనూ కేబుల్ ఉండేది కాబట్టి ఆ ల్యాప్‌టాపులో మోడెం ఉందన్న సంగతే నేనెప్పుడూ పట్టించుకోలేదు. పక్కన ఫోన్ తీగ పెట్టే చిన్న రంధ్రం ఉంది. తీగ గుచ్చాను. లినక్స్‌కు అక్కడ మోడెం ఉన్నట్టే తెలియదు.

ఎందుకో చెప్పాలి, కాస్త ఓపిక పట్టండి. పాత మోడెం అంటే వంటవాడితో సహా వచ్చిన వంటిల్లు లాంటిది. మనం "ఇన్ని అక్షరాలు పంపు" అంటే చాలు, వాటిని శబ్దాలుగా మార్చడం, అవతలి శబ్దాలను అక్షరాలుగా మార్చడం, తప్పులుంటే దిద్దడం అంతా అదే చూసుకునేది. దానితో మాట్లాడే భాష కూడా అందరికీ తెలిసిందే. 1981లో హేస్ కంపెనీ స్మార్ట్‌మోడెంతో మొదలైన ఎ.టి. ఆజ్ఞలు. తర్వాత తర్వాత ఖర్చు తగ్గించడానికి వంటవాణ్ణి తీసేశారు. పొయ్యి, గిన్నె మాత్రం మిగిల్చి, "వంట కంప్యూటరు ప్రాసెసరే చేసుకుంటుంది, ఎలా చేయాలో విండోస్ డ్రైవరులో రాసి ఇస్తాం" అన్నారు. వీటికే విన్‌మోడెం అని పేరు. ఆ వంట పుస్తకం ఎవరికీ చూపించరు. కాబట్టి లినక్స్ వాళ్లకు పొయ్యి కనబడుతుంది, వంట రాదు.

బయట పెట్టుకునే పాతరకం మోడెం కొనుక్కుంటే పోయేది కదా అంటారేమో. దానికి వెనక సీరియల్ పోర్టు కావాలి. నా ల్యాప్‌టాపులో అది లేదు.

పన్నెండు రోజుల సెలవులో మొదటి మూడు రోజులు గాంధీ రోడ్డు నెట్ సెంటర్లలో గడిచినాయి. నెట్ పనిచేయించడానికి నెట్ కావాలి, చూడండి. ఒక సెంటరాయన పెన్ డ్రైవ్ పెట్టనివ్వడు, వైరస్ భయం. ఇంకో చోట పెట్టనిస్తారు గానీ కరెంటు పోతుంది. నాలుగో రోజు పొద్దున నాయనకు వ్యాయామం చేయించి, తిరుపతి బస్సెక్కాను. మా కాలేజీలోనే పాఠాలు చెప్పే మిత్రుడొకడు ల్యాబ్‌లో కూర్చోబెడతానన్నాడు.

ఆ దారిలో గాదంకి దగ్గర ఎం.ఎస్.టి. రాడార్ ఉంది, మీలో చాలామందికి తెలుసు. 1024 యాంటెనాలు పొలంలో జొన్నచేను నాటినట్టు నిలబెట్టి, 53 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశంలోకి అరిచి, పైనుంచి వచ్చే ప్రతిధ్వని వింటారు. గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంగా వీస్తోందో ఆ సన్నటి ప్రతిధ్వని నుంచి లెక్కగడతారు. మన తర్వాతి బ్యాచ్‌ల వాళ్లను సార్ అక్కడికి తీసుకెళ్లారని విన్నాను. మాకా భాగ్యం లేదు, మేము బడి వదిలే నాటికి అది లేదు. ఆ రోజు బస్సు కిటికీలోంచి చూస్తూ, వీళ్లు ఆకాశంతో మాట్లాడుతున్నారు, నేను ఫోన్ ఎక్స్ఛేంజితో మాట్లాడలేకపోతున్నాను అనుకున్నాను.

లిన్‌మోడెమ్స్ అనే పేరుతో ప్రపంచంలో అక్కడక్కడా కొందరు పైసా తీసుకోకుండా ఈ మోడెంల జాతకాలు రాసి పెట్టారు. వాళ్ల స్కాన్‌మోడెం అనే చిన్న ప్రోగ్రాము నడిపితే మన యంత్రంలో ఏముందో చెబుతుంది. నేను దాన్ని నడపకుండానే, నాకంతా తెలుసనుకుని, ఒక డ్రైవరు దించుకున్నాను. ఇంజనీర్లం కదా. అది కెనడాలో ఒక కంపెనీ అమ్మే డ్రైవరు. ఉచితంగా ఇచ్చేది సెకనుకు 14,400 బిట్ల దగ్గర ఆగిపోతుంది, పూర్తి వేగం కావాలంటే డబ్బు కట్టాలి. ఈ డ్రైవరుకు ఒక కథ ఉంది. లినక్స్ కెర్నెల్‌లోకి వచ్చే ప్రతి భాగమూ తన లైసెన్సు ఏమిటో చెప్పుకోవాలి. మూలం దాచిన భాగమైతే కెర్నెల్ "మైల పడింది" అని రాసుకుంటుంది. వీళ్లు "జి.పి.ఎల్." అని రాసి, దాని పక్కనే ఒక సున్నా అక్షరం పెట్టి, ఆ తర్వాత అసలు షరతులు రాశారు. సి భాషలో సున్నా వస్తే మాట అయిపోయినట్టే. కెర్నెల్ "జి.పి.ఎల్." వరకు చదివి సరే పొమ్మనేది. 2004 ఏప్రిల్లో ఎవరో కనిపెట్టి గోల చేశారు. పదేపదే వచ్చే హెచ్చరికలు చూసి కొన్నవాళ్లు కంగారు పడుతున్నారని అలా చేశామన్నారు వాళ్లు. నాకు మాత్రం ఇన్విజిలేటరు కళ్లుగప్పడానికి చొక్కా మడతలో చీటీ పెట్టుకొచ్చిన మా బ్యాచ్ మిత్రుడు గుర్తొచ్చాడు. పేరు చెప్పను. చివరి వరసలోనే ఉన్నాడు.

ఇంత కథా తెలుసుకుని, ఇంటికి వచ్చి డ్రైవరు వేస్తే, ఆ మోడెం నా దగ్గర లేనే లేదని తేలింది. యంత్రంలో కనిపించేది ఇంటెల్ ఎ.సి.97 కంట్రోలరు. అది వాకిట్లో నిలబడిన వాచ్‌మన్ మాత్రమే. లోపల ఉన్నది ఎవరో చెప్పేది కోడెక్ అనే ఇంకో చిప్పు. వాచ్‌మన్ ఒకడే, ఇళ్లు వేరు. బుద్ధి తెచ్చుకుని స్కాన్‌మోడెం నడిపాను. కోడెక్ గుర్తు "ఎస్.ఐ.ఎల్." అని మొదలైంది. అంటే సిలికాన్ ల్యాబ్స్. దానికి స్మార్ట్‌లింక్ అనే కంపెనీ ఇచ్చిన ఎస్.ఎల్.మోడెం డ్రైవరు కావాలి. అదృష్టం, తిరుపతిలో అది కూడా దించుకుని వచ్చాను, ఎందుకైనా మంచిదని.

దాన్ని కంపైల్ చేయాలి. కంపైలరు లేదు. ఆఫీసు పని అంతా ఆఫీసు సర్వరులోనే చేసేవాణ్ణి కాబట్టి ల్యాప్‌టాపులో ఎప్పుడూ వేయలేదు. సీడీలు బెంగళూరులో, మా ఇంట్లో అలమారు పైన. మా ఆవిడ ఆటోలో వెళ్లి తిరుపతి బస్సు కండక్టరు చేతికిచ్చింది. పలమనేరు దాటి ఆ బస్సు చిత్తూరు బస్టాండుకు తెల్లవారి నాలుగింటికి వచ్చింది. కండక్టరు కవరు ఇస్తూ, "సినిమానా సార్?" అన్నాడు.

అయిదు రోజులు అయిపోయినాయి.

కంపైల్ అయింది. నడిపితే "పరికరం వేరేవారి చేతిలో ఉంది" అన్న అర్థం వచ్చే ఒక మాట. రెండు రాత్రులు దీనికే పోయినాయి. తీరా చూస్తే, కెర్నెల్‌లో శబ్దాలకు సంబంధించిన ఆల్సా అనే భాగం ఉంది. అందులోనే ఈ మోడెం కోసం ఒక ముక్క ఉంది. యంత్రం లేవగానే అది వెళ్లి మోడెంను పట్టుకుంటోంది. స్మార్ట్‌లింక్ వారి ముక్క వెనక వచ్చి, సీటు లేక నిలబడుతోంది. బస్సులో తువ్వాలు వేసి సీటు పట్టినట్టు. ఇద్దరిలో ఒకరినే ఉంచాలి. నేను ఆల్సా ముక్కనే ఉంచి, ఎస్.ఎల్.మోడెండి అనే ప్రోగ్రామును దాని మీద కూర్చోబెట్టాను. ఆల్సాది మూలం తెరిచి ఉన్న భాగం, దాని మీద నాకు నమ్మకం ఎక్కువ. అంతకు ముందు ఇంకో మార్గంలో వెళితే, నేను చేత్తో తయారు చేసిన పరికరం ఫైలు ప్రతిసారి యంత్రం ఆపి లేపగానే మాయమయ్యేది. అది ఫెడోరా 3లో కొత్తగా వచ్చిన యూడెవ్ మహిమ. దాన్ని దెయ్యం అనుకుని ఒక పూట పారేసుకున్నాను.

తొమ్మిదో రోజు సాయంత్రం మోడెం ప్రాణం పోసుకుంది. ఎ.టి. అని టైపు చేస్తే ఓకే అంది. అమ్మను పిలిచి చూపించాను. "ఓకే అంటే అయినట్టేనా?" అంది. 172తో మొదలయ్యే నంబరు ఇచ్చి డయల్ చేయమన్నాను. కాసేపు ఆగి, "నో డయల్ టోన్" అంది.

ఫోన్ ఎత్తితే డయల్ టోన్ ఉంది. పెట్టి మోడెంతో ప్రయత్నిస్తే లేదు. తీగ మార్చాను. పక్కింటి ఫోన్‌కు తీసుకెళ్లి పెట్టాను. అక్కడా అదే. డ్రైవరు మీద, దాన్ని రాసిన వాళ్ల మీద, నా మీద నాకు కోపం. మిగిలింది మూడు రోజులు.

మరుసటి రోజు పొద్దున సార్ వచ్చారు. మా నాయనను చూడడానికి వారానికి రెండుసార్లు వచ్చేవారు, ఇద్దరూ స్నేహితులు. అప్పటికి రిటైరై చాలా ఏళ్లయింది. నాయన పక్కన కాసేపు కూర్చుని, నా మొహం చూసి, "ఏమప్పా, రాత్రంతా నిద్దర పోయినట్టు లేదే?" అన్నారు. చెప్పాను. సార్ కంప్యూటరు ముట్టుకోలేదు. ఫోన్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నారు. ఆపకుండా, అర నిమిషం. తర్వాత అన్నారు:

"ఇది ఒట్టి స్వరం కాదురా. మీద ఇంకోటి ఎక్కి కూర్చోనుండాది. గురగురమంటాంది. నీ మిషను ఒట్టి స్వరం కోసం ఎదురుచూస్తాందేమో."

నేను ఆ టోన్‌ను జీవితంలో ఎన్ని వేలసార్లు విన్నానో. ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్నవాణ్ణి. ఆ సంగతి కాగితం మీద నాకు తెలుసు కూడా. మన దేశపు డయల్ టోన్ 400 హెర్ట్జ్ స్వరం, దాన్ని 25 హెర్ట్జ్‌తో ఊపుతారు. అమెరికా డయల్ టోన్ 350, 440 హెర్ట్జ్ స్వరాలు రెండూ కలిపినది. నా డ్రైవరులో దేశం అమెరికా అని ఉంది, అది దాని మొదటి అమరిక. నేను మార్చలేదు. అవతల మనిషి తెలుగులో పిలుస్తుంటే, "హలో అనలేదు కాబట్టి ఎవరూ లేరు" అని తలుపు వేసుకున్నట్టు ఉంది దాని పద్ధతి.

మీలో ఎంతమందికి గుర్తుందో, తొమ్మిదో తరగతిలో సార్ రెండు శ్రుతిదండాలు తెచ్చి, ఒకదాని కొమ్ముకు కొద్దిగా మైనం అంటించి, రెండూ ఒకేసారి మోగించి, "ఊగుతాందా, లేదా? చెవి పెట్టి వినండి, పుస్తకం మూయండి" అన్నారు. విస్పందనాలు. ఆ పాఠం నాకు పరీక్షలో అయిదు మార్కులు. సార్‌కు అది వినడం.

దేశం ఇండియా అని మార్చాను. దానికి తోడు ఎ.టి.ఎక్స్.3 అనే ఆజ్ఞ చేర్చాను. అంటే, డయల్ టోన్ కోసం చూడకు, నేరుగా నంబరు కొట్టు, ఎంగేజ్ వస్తే మాత్రం చెప్పు అని. మన దేశంలో మోడెం వాడినవాళ్లకు ఈ ఆజ్ఞ తారకమంత్రం. నాకు తెలియక కాదు, తట్టక.

సార్ ఉండగానే నంబరు కొట్టాను. రింగ్. తర్వాత అవతలి నుంచి ఈలలా ఒక సన్నటి స్వరం. అది 2100 హెర్ట్జ్. ఆ స్వరం వినగానే దారిలోని ఎక్స్ఛేంజీలు తమ ప్రతిధ్వని ఆపే యంత్రాలను పక్కన పెడతాయి. తర్వాత గరగర, బుస్సు, కీచు. లైను ఎంత వెడల్పుందో, ఎక్కడ ఎంత పాడైందో రెండు వైపులా కొలుచుకోవడం అది. ఫోన్ తీగలో సుమారుగా 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే దారి. ఆ సందులోనే అంతా దూరాలి. నిశ్శబ్దం. తెర మీద "కనెక్ట్ 26400".

వెంటనే తెగిపోయింది.

ఇక ఆ చివరి మలుపులన్నీ చెప్పను, వంటవాళ్లు ఇటే చూస్తున్నారు. వివ్‌డయల్ అనే ప్రోగ్రాములో "క్యారియర్ చెక్" వద్దు అనాలి. "స్టుపిడ్ మోడ్" అని ఇంకో అమరిక, దానికి అవును అనాలి. అంటే అవతల ఏమంటున్నారో తెలివిగా అర్థం చేసుకోవడానికి ప్రయత్నించకుండా వెంటనే మాటలు మొదలుపెట్టడం. "తెలివి తక్కువ చేస్తే పని అయిందా?" అని సార్ చాలాసేపు నవ్వారు. ఆ మధ్యాహ్నమే మేనేజరుకు మెయిల్ పంపాను. నాలుగు వరుసలు.

వేగం మాత్రం 26,400 దగ్గరే ఉండేది. తర్వాతి వారం గోడకు కొట్టిన ఫోన్ డబ్బా విప్పితే లోపల మరలు తుప్పు పట్టి, చీమలు మన్ను పెట్టి ఉన్నాయి. మా ఇంటి నిర్వాకమే. గీకి శుభ్రం చేసి బిగిస్తే 44,000 వచ్చింది. పేరుకు 56 కె మోడెం. పైకి పంపే వేగం మాత్రం వి.90 పద్ధతిలో 33,600 దాటదు. నాకు చాలు. బెంగళూరు సర్వరులోకి ఎస్.ఎస్.హెచ్. తో వెళ్లి, స్క్రీన్ అనే ప్రోగ్రాములో పని చేసేవాణ్ణి. లైను తెగినా అవతల నా పని ఆగదు, మళ్లీ డయల్ చేసి వదిలిన చోటే అందుకోవచ్చు. ఒక్కో రాత్రి పది పన్నెండుసార్లు తెగేది. వంట ప్రాసెసరే చేస్తోంది కదా, ల్యాప్‌టాపులో ఏదైనా బరువైన పని పెడితే మోడెంకు ఊపిరాడక లైను పడిపోయేది. పాటలు పెట్టుకోవడానికి కూడా లేదు.

ఇంకో ఇబ్బంది చెప్పాలి. నేను నెట్‌లో ఉంటే ఫోన్ ఎంగేజ్. కువైట్ నుంచి చెల్లెలు రెండు రాత్రులు వరసగా చేసి, ఎంగేజ్ వచ్చి, నాయనకు ఏదో అయిందనీ మేము దాచిపెడుతున్నామనీ ఏడ్చి, పక్కింటికి చేసింది. అమ్మ నన్ను ఆ రోజు తిట్టిన తిట్లు ఈ సభలో చెప్పదగ్గవి కావు. తర్వాత ఒప్పందం కుదిరింది. రాత్రి పదిన్నర దాకా ఫోన్ మనుషులది, ఆ తర్వాత నాది.

నాయన మంచం ముందు గదిలో, ఫోన్ పక్కనే. మోడెం అరుపులు ఆయనకు వినబడతాయని స్పీకరు తగ్గించేవాణ్ణి. పగలు ఆయన చేత మాట్లాడించాలని డాక్టరు చెప్పినట్టు ఆ, ఈ, ఊ అనిపించడానికి కూర్చుంటే నోరు తెరిచేవారు కాదు. డెబ్బై ఏళ్ల మనిషి, కలెక్టరాఫీసులో ముప్పై మందిని నడిపినవాడు, కొడుకు ముందు అఆలు దిద్దడం ఆయనకు ఇష్టం లేదు. నేను బతిమాలేవాణ్ణి, కోప్పడేవాణ్ణి. కోప్పడకుండా ఉండాల్సింది.

జూలైలో ఒక రాత్రి డయల్ చేశాను. ఈల వచ్చింది. గరగర వచ్చింది. దాని వెనక గదిలోంచి ఇంకో శబ్దం. చూస్తే నాయన. కళ్లు మూసుకుని, వంకర పోయిన నోటితో, మోడెంతో పాటే "కీ..." అంటున్నారు. నేను చూడడం చూసి ఆపేశారు. నేనేమీ అనలేదు. లైను తెగిందన్నట్టు నటించి మళ్లీ డయల్ చేశాను. ఈసారి స్పీకరు పెంచాను. ఆ రాత్రి నేను ఎన్నిసార్లు అబద్ధపు డయల్ చేశానో ఫోన్ బిల్లు చూస్తేనే తెలియాలి. తర్వాత రోజుల్లో ఆ "కీ"ని పట్టుకుని అమ్మ "కీ... కిటికీ" అనిపించింది. ఆగస్టు చివరికి నాలుగైదు మాటలు వచ్చినాయి. పూర్తిగా ఎప్పుడూ రాలేదు. ఇంకో ఆరేళ్లు ఉన్నారు.

ఇంజనీరుగా ఒక మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఆ డ్రైవరు పూర్తిగా తెరిచినది కాదు. దానిలో అసలు వంట, శబ్దాన్ని అక్షరాలుగా మార్చే ముక్క, మూలం లేకుండా కట్టిన మూటగానే ఇచ్చారు. 32 బిట్ల యంత్రాల కోసం కట్టిన మూట అది. 64 బిట్ల యంత్రాలు వచ్చాక దాన్ని విప్పి సరిచేయడానికి మూలం ఎవరి దగ్గరా లేకపోయింది. అప్పట్లో నేను దానితో రాజీపడ్డాను. అవసరం అలాంటిది. ఇప్పుడు అడిగినా రాజీపడేవాణ్ణేననుకుంటాను, కానీ దాన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ విజయం అని చెప్పుకోను. నా చుట్టూ ఆ మాట చెప్పేవాళ్లు ఉన్నారు కాబట్టి అంటున్నాను.

సార్ ఇప్పుడు చెవికి మిషను పెట్టుకున్నారు. పొద్దున కలిసినప్పుడు అడిగాను, అందులో ఎలా వినబడుతుంది సార్ అని. "అన్నీ వినబడతాయి, కానీ అన్నీ ఒకే మాదిరి వినబడతాయి" అన్నారు. దాని అమరిక మార్చవచ్చేమో సాయంత్రం చూద్దామన్నాను.

మా ఇంటి ల్యాండ్‌లైను అమ్మ పోయాక సరెండర్ చేశాం. ఆ ల్యాప్‌టాపు మాత్రం ఉంది. ఫోన్ తీగ పెట్టే రంధ్రంలో చీమలు పోకుండా అమ్మ దూది కుక్కింది, అది అలాగే ఉంది. ఇవాళ తెచ్చాను, ఫిజిక్స్ ల్యాబ్‌లో బల్ల మీద పెట్టాను. బ్యాటరీ చచ్చింది, తీగ పెడితే లేస్తుంది. భోజనాలయ్యాక ఇష్టమున్న పిల్లలు రండి, ఎ.టి. అని కొట్టి చూడండి. ఓకే అంటుంది.

సెక్రటరీ గడియారం చూపిస్తున్నాడు. సెలవు.